ఆఫ్రికా నుంచి వచ్చే ఎథిక్స్ కమిటీ సభ్యులకు రెండు రోజుల్లో ఏమి చెప్పాలి?

నీలిసిరా, తార్నాక:

అందరికీ నమస్కారం.

నేను హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ కార్యాలయంలో 14 ఏళ్లు పనిచేశాను. మనుషుల మీద జరిపే పరిశోధనలకు అనుమతి ఇవ్వాలో లేదో తేల్చే కమిటీ అది. ప్రోటోకాళ్లు, అంటే పరిశోధన ప్రణాళికలు, తీసుకోవడం, సభ్యులకు పంపడం, కోరం సరిపోయిందో లేదో చూడటం, మినిట్స్ రాయడం, అనుమతి లేఖ మీద అధ్యక్షుల సంతకం తీసుకోవడం నా పని. ఉద్యోగం మానేశాక నగరంలోని ఒక శిక్షణ సంస్థ నన్ను పాఠాలు చెప్పడానికి పిలుస్తోంది. ఏటా ఒకసారి మలావీ, జాంబియా, టాంజానియా, ఇథియోపియా వంటి దేశాల నుంచి పాతిక మంది దాకా వస్తారు. వైద్యులు, నర్సులు, ఆరోగ్య శాఖ అధికారులు. వారిలో చాలామంది తమ తమ ఆసుపత్రుల్లో ఎథిక్స్ కమిటీ సభ్యులు కూడా. కోర్సు మొత్తంలో పరిశోధన నైతికతకు రెండు రోజులు కేటాయించారు. ఆ రెండు రోజుల బాధ్యత నాది.

నిరుడు జరిగింది చెబితే గాని నా ప్రశ్న అర్థం కాదు. నిరుడు నేను అందరూ చెప్పేదే, మనుషుల మీద పరిశోధనకు నియమాలు పెట్టిన పత్రాల గురించే చెప్పాను. 1947 న్యూరెంబర్గ్ నియమావళి, 1964 హెల్సింకి ప్రకటన, 1979 బెల్మాంట్ నివేదిక, మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు, ఆ తర్వాత 2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. మొత్తం 84 స్లైడ్లు. రెండో రోజు మధ్యాహ్నం మలావీ నుంచి వచ్చిన ఒక నర్సు చేయెత్తారు.

"మేడమ్, మా చిచేవా భాషలో పరిశోధనను కఫుకుఫుకు అంటాం. మా క్లినిక్కుకు వచ్చే తల్లికి ఆ మాట తెలుసు. కాని అదే క్లినిక్కు, అదే బల్ల, అదే నేను. నిన్న బిడ్డకు మలేరియా మందు ఇచ్చిన చేత్తోనే ఈ రోజు సమ్మతి పత్రం ఇస్తాను. ఇది వైద్యం కాదు, పరిశోధన అని ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? మీ తెలుగులో మీరు ఎలా చెబుతారు?"

నా దగ్గర జవాబు లేదు. 14 ఏళ్లలో కొన్ని వందల తెలుగు సమ్మతి పత్రాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ప్రతి పేజీ అడుగున తేదీ, వెర్షన్ సంఖ్య ఉన్నాయా, అనువాద ధ్రువపత్రం జత చేశారా అని చూశాను. ఆ పత్రాన్ని ఒక రోగికి చదివి వినిపిస్తుంటే పక్కన కూర్చుని విన్న రోజు ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

వచ్చే నెల మూడో వారంలో ఈ ఏటి బృందం వస్తోంది. నాకున్నవి 12 గంటలు. ఏమి ఉంచాలి, ఏమి తీసేయాలి? ఆఫ్రికాలో ఇప్పటికే ఇలాంటి శిక్షణ ఎంత ఉంది? ఇంకో సందేహం కూడా ఉంది. మన దగ్గరే ఇంత లోటు ఉండగా వారికి మనం చెప్పడం సబబేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


పాత ఫార్మసిస్టు, మల్కాజిగిరి:

నీలిసిరా గారూ, నేను జాంబియాలో 9 ఏళ్లు ఉండి వచ్చాను. ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు. వారు ఏమీ తెలియకుండా రారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన ఫోగర్టీ కేంద్రం 2000లో పరిశోధన నైతికత బోధనకు ప్రత్యేకంగా నిధులివ్వడం మొదలుపెట్టింది. ఆ అండతో దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో సారెటీ అనే శిక్షణ కార్యక్రమం, నైజీరియాలోని ఇబాదాన్‌లో పశ్చిమాఫ్రికా బయోఎథిక్స్ కార్యక్రమం, తర్వాత దక్షిణాఫ్రికాలోనే స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో అరెసా అనే కార్యక్రమం వచ్చాయి. డిప్లొమాలు, మాస్టర్స్ డిగ్రీలు అక్కడే ఉన్నాయి, చెప్పేది అక్కడి ఆచార్యులే. ట్రీ అనే ఆన్‌లైన్ శిక్షణ ఉచితంగా ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, పోర్చుగీసులో దొరుకుతుంది. నైజీరియాకు 2007 నుంచి జాతీయ నైతిక నియమావళి ఉంది. జాంబియా 2013లో ఆరోగ్య పరిశోధనకు ఏకంగా చట్టమే చేసింది. అందుకని హెల్సింకి ఏ సంవత్సరంలో వచ్చిందో వారికి చెప్పాల్సిన పని లేదు.

లోటు వేరే చోట ఉంది. నాకు బాగా తెలిసిన ఒక ఆసుపత్రి కమిటీ గురించి చెబుతాను, పేరు వద్దు. ఆ కమిటీకి గది లేదు. దస్త్రాలు మా మందుల గదిలో, సెలైన్ పెట్టెల పక్కనున్న బీరువాలో ఉండేవి. తాళం నా దగ్గర. నేనున్న కాలంలో ఆ కమిటీ నుంచి ఐదుగురు బయటి దేశాలకు వెళ్లి శిక్షణ పొంది వచ్చారు. రెండేళ్లు తిరగకుండా నలుగురు వెళ్లిపోయారు. వారిని తప్పుపట్టలేను. ధ్రువపత్రం ఉన్న మనిషికి మంచి జీతం ఇచ్చేది పరిశోధన ప్రాజెక్టు, కమిటీ కాదు. కమిటీ పని ఉచిత సేవ. మిగిలిన ఐదో మనిషి రాత్రి డ్యూటీ చేసి, పొద్దున ఇంటికి వెళ్లకుండా మా గదిలోనే కూర్చుని 180 పేజీల ప్రోటోకాల్ చదివేవారు. రెండు వారాల్లో అనుమతి కావాలని పైనుంచి ఫోన్లు వచ్చేవి.

ఒకసారి ఆసుపత్రి డైరెక్టరు సమావేశం మధ్యలో వచ్చారు. ఈ ప్రాజెక్టు వస్తే ప్రయోగశాలకు కొత్త ఫ్రీజర్ వస్తుంది, జనరేటర్ వస్తుంది అని చెప్పి వెళ్లారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ జనరేటర్ లేక కాన్పుల గది చీకట్లో ఉన్న రాత్రులు నేను చూశాను. కాని ఆయన వెళ్లాక ఆ బల్ల చుట్టూ ఒక్కరు కూడా నోరు విప్పలేదు. రక్త నమూనాలు ఏ దేశానికి వెళ్తున్నాయి, ఎన్నాళ్లు ఉంచుకుంటారు, మళ్లీ ఇంకో పనికి వాడతారా అన్న ప్రశ్నలు ముందు రోజు నాతో చెప్పినవారు కూడా ఊరుకున్నారు. వారికి లేనిది జ్ఞానం కాదు. ఆ గదిలో 'వద్దు' అన్నవారికి మర్నాడు కూడా ఉద్యోగం ఉంటుందన్న భరోసా లేదు.

కాబట్టి నా సలహా ఇది. ఒక పూట ఉత్తుత్తి సమావేశం పెట్టండి. ఒకరిని డైరెక్టరుగా పంపండి. జనరేటర్ మాట అనిపించండి. అక్కడ ఎవరు ఎలా మాట్లాడతారో చూసి, అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టండి.

కానో ఉదంతం కూడా చెప్పండి. 1996లో నైజీరియాలో మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, ప్రబలినప్పుడు ఫైజర్ సంస్థ కానో నగరంలో 200 మంది పిల్లల మీద పరీక్ష జరిపింది. సగం మందికి తన కొత్త మందు ట్రోవాఫ్లాక్సాసిన్, సగం మందికి అప్పటికే వాడుకలో ఉన్న సెఫ్‌ట్రయాక్సోన్. 11 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఆసుపత్రిలో అప్పటికి ఎథిక్స్ కమిటీయే లేదని, అనుమతి లేఖ తర్వాత తయారుచేసి పాత తేదీ వేశారని పత్రికల్లో వచ్చింది. 2009లో ఆ సంస్థ, తప్పు ఒప్పుకోకుండానే, కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. 2003లో అదే కానో రాష్ట్రం పోలియో చుక్కలు ఆపేసింది. అందుకు రాజకీయ కారణాలు చాలా ఉన్నాయి, 1996 జ్ఞాపకం కూడా వాటిలో ఉంది. ఈ ఉదంతం వారందరికీ తెలుసు. మీరు మాత్రమే అడగగలిగిన ప్రశ్న ఒకటుంది: ఆ లేఖ టైపు చేసిన గుమస్తా ఎవరై ఉంటారు? పాత తేదీ వేయమన్నప్పుడు వేయను అనాలంటే ఆ మనిషి వెనుక ఏమి ఉండాలి? మీరు 14 ఏళ్లు ఆ కుర్చీలోనే కూర్చున్నారు.


మొదటి బెంచి, నల్లకుంట:

అమ్మా, 31 ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విరమించాను. ఐదేళ్లుగా ఒక కమిటీలో సామాన్య సభ్యుడిని. వైద్యం తెలియని మనిషి ఒకరు లేనిదే కోరం లేదని నియమం ఉంది కదా, ఆ మనిషిని నేను. సమ్మతి పత్రం నా వంతుకు వస్తుంది. ఆ నర్సమ్మ అడిగిన ప్రశ్నకు నా అనుభవం చెబుతాను.

మొదటి సమావేశంలో నా చేతికి ఇచ్చిన పత్రంలో ఈ వాక్యం ఉంది: 'మీరు యాదృచ్ఛికంగా ఏదో ఒక సమూహానికి కేటాయించబడతారు.' నేనే రెండుసార్లు చదివాను. ఇంటికి తీసుకెళ్లి మా ఇంట్లో వంట చేసే ఆవిడకు చదివి వినిపించాను. "ఎక్కడికి పంపుతారయ్యా?" అని అడిగింది.

సరే, 'చీటీ వేసి తీస్తాం' అని మార్చాం. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మనవారికి చీటీ అంటే చీటీపాట. పేరు వస్తే డబ్బు. 'నాకు చీటీ తగిలింది' అని ఒకాయన ఇంటికి ఫోను చేసి చెప్పుకున్నాడని పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ తర్వాత చెప్పారు. కొత్త మందు పాత మందు కంటే మేలో కాదో ఇంకా తేలలేదన్న అసలు సంగతి ఆయనకు చేరనే లేదు.

చివరకు ఇలా రాశాం: 'ఈ రెండు మందుల్లో ఏది మేలో మాకు ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరిశోధన. మీకు ఏది ఇవ్వాలో డాక్టరు ఎంచరు, మీరూ ఎంచరు. బొమ్మా బొరుసూ వేసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది.' ఇందులో కష్టమైనది బొమ్మా బొరుసూ కాదమ్మా. 'మాకు తెలియదు' అన్న మాట. ఆ ఒక్క మాట పత్రంలో ఉంచడానికి వైద్యులను ఒప్పించేసరికి రెండు సమావేశాలు గడిచాయి. డాక్టరుకు తెలియదంటే రోగి నమ్మకం పోతుందని వారి భయం. అందులో కొంత న్యాయం ఉంది. కాని వైద్యానికీ పరిశోధనకూ ఉన్న తేడా అంతా ఆ మాటలోనే ఉంది. తెలిసి ఇచ్చేది వైద్యం. తెలుసుకోవడానికి ఇచ్చేది పరిశోధన. చిచేవాలో అయినా, స్వాహిలీలో పరిశోధనను ఉటఫీటి అన్నా, ఆ తల్లికి చెప్పాల్సింది ఇదే అనుకుంటాను.

ఇంకొకటి. 'అర్థమైందా?' అని ఎవరినీ అడగనివ్వకండి. అందరూ ఊ కొడతారు, బడిలో పిల్లల్లాగే. 'ఇంటికి వెళ్లాక మీ ఆయనకు దీని గురించి ఏమని చెబుతారు?' అని అడగమనండి. జవాబు వింటే ఎంత చేరిందో తెలిసిపోతుంది.


గోదావరి గట్టు, ఎల్బీనగర్:

భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసి వచ్చినవాడిని. మన దగ్గర లోటు ఉండగా వారికి ఎలా చెప్పడం అని అడిగారు. ఆ లోటునే పాఠంగా పెట్టండి.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, దాదాపు 14 వేల మందికి, ఒక పరిశోధన ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. గుజరాత్‌లో వడోదరలోనూ ఇదే జరిగింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. టీకా మీద నాకు కోపం లేదు, మా మనవరాలికి వేయించాం. నా బాధ సంతకాల గురించి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద వార్డెన్ల సంతకాలు.

హాస్టల్‌లో ఇది ఎలా జరుగుతుందో బయటివారికి తెలియదు. తల్లిదండ్రులు అడవిలో గూడెంలో ఉంటారు. పోడు పనులప్పుడు వారిని కలవాలంటే ఒక రోజు నడక. స్కాలర్‌షిప్పు కాగితం, జ్వరం మాత్రల కాగితం, విహారయాత్ర కాగితం అన్నీ వార్డెన్ బల్ల మీదకే వస్తాయి, ఆయనే సంతకం పెడతారు. ఆ వరుసలో ఇంకో కాగితం వచ్చింది. ఆ మలావీ నర్సు 'అదే బల్ల' అన్న మాట చదివి నేను చాలాసేపు కదలలేకపోయాను. ఆఫ్రికాలోనూ వసతి బడులు ఉంటాయి, ఊరి పెద్దలు ఉంటారు. ఊరి పెద్ద సరే అంటే ఊరంతా సరే అన్నట్టేనా అని వారిని అడగండి. మన ఖమ్మం గురించి మనమే చెప్పిన తర్వాత అడగండి, అప్పుడు వారు మనసు విప్పి మాట్లాడతారు.


చింతచెట్టు నీడ, గచ్చిబౌలి:

మేడమ్, నేను మానవశాస్త్రంలో పరిశోధక విద్యార్థినిని. పైవారంతా కమిటీ గురించి చెప్పారు, పరిశోధనకు లోనయ్యే జనం గురించి ఒక్క సంగతి చేరుస్తాను. దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు 2017లో తమ సొంత పరిశోధన నియమావళి ప్రకటించారు. 2010లో వారి జన్యుక్రమం మీద ఒక వ్యాసం వచ్చినప్పుడు, రక్తం ఇచ్చిన కొద్దిమంది సమ్మతే తీసుకున్నారని, జాతి పెద్దలను ఎవరూ అడగలేదని వారు అభ్యంతరం చెప్పారు. ఆ నొప్పి నుంచి వచ్చిన నియమావళిలో గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అన్న నాలుగు మాటలు ఉన్నాయి. పొట్టిగా, ఎవరికైనా అర్థమయ్యేలా ఉంటుంది. హెల్సింకి స్లైడ్లు తీసేస్తే ఆ చోట ఇది చదివించండి. నల్లమలలో చెంచుల మధ్య తిరుగుతున్నాను నేను. వారి దగ్గర ఇలాంటి కాగితం ఒకటి ఉంటే, నేను మొదటి రోజు వారి గుమ్మం ముందు ఇంకోలా నిలబడి ఉండేదాన్ని.


నీలిసిరా, తార్నాక:

అందరికీ కృతజ్ఞతలు. జవాబు ఆలస్యమైంది, కారణం ఉంది. మాస్టారి మాట చదివాక, తెలిసిన ఒక వైద్యురాలిని బతిమాలి, రోగి ఒప్పుకున్నాకే, సమ్మతి తీసుకునే గదిలో ఒక మూల కూర్చున్నాను. పత్రం 11 పేజీలు. సంతకం దాకా పట్టిన సమయం 4 నిమిషాలు. రోగి 50 ఏళ్ల ఆటో డ్రైవరు. బయటకు వచ్చాక బెంచీ మీద పక్కన కూర్చుని, ఇంటికి వెళ్లి ఏమని చెబుతారని అడిగాను. "పెద్ద డాక్టరు ఇక నెల నెలా నన్నే చూస్తానన్నారని చెబుతానమ్మా" అన్నాడు. పత్రంలో ఒక్క తప్పు లేదు. నేను ఉన్న రోజుల్లో నా దగ్గరకు వస్తే నేనే ముద్ర వేసి పంపేదాన్ని.

84 స్లైడ్లలో 9 ఉంచాను. మొదటి రోజు పొద్దున ఆ డ్రైవరు మాటతో మొదలుపెడతాను. తర్వాత ఖమ్మం. గోదావరి గట్టు గారూ, వార్డెన్ బల్ల గురించి మీరు రాసిన ఆ పేరానే ఇంగ్లీషులో చెబుతాను, మీకు అభ్యంతరం లేకపోతే. మధ్యాహ్నం అంతా ఒకే పని: ప్రతి ఒక్కరూ ఒకే ఒక పేజీని తమ ఊరి భాషలోకి మార్చాలి, రాసి కాదు, పక్కవారికి చెప్పాలి. ఒకే భాష వచ్చినవారు ఇద్దరుంటే రెండోవారు దాన్ని తిరిగి ఇంగ్లీషులో మాకు చెబుతారు. 'మాకు తెలియదు' అన్న వాక్యం ఎన్ని భాషల్లో నిలుస్తుందో చూడాలని ఉంది. సాన్ నియమావళి రెండో రోజు పొద్దునకు పెట్టాను.

ఫార్మసిస్టు గారూ, మీతో ఒక్క చోట ఏకీభవించలేను. నలుగురు వెళ్లిపోయారు కనుక మనుషులకు ఇచ్చిన శిక్షణ వృథా అన్నట్టు అనిపించింది మీ మాట. ఐదో మనిషి ఉన్నారు కదా. రాత్రి డ్యూటీ చేసి, పొద్దున ఆ 180 పేజీలు చదివినవారు. వారి కోసమైనా నేను పాఠం చెప్పాలి. అయితే ఆ మనిషి ఒంటరిగా ఉండకుండా చూడటం మన చేతిలో కొంత ఉంది. అందుకే చివరి గంటలో, ఎవరి ఆసుపత్రి డైరెక్టరుకు వారు ఒక ఉత్తరం రాసుకుంటారు: కమిటీకి ఒక గది, తాళం ఉన్న బీరువా, ఒక కార్యదర్శి జీతం, సమావేశం జరిగేటప్పుడు డైరెక్టరు లోపలికి రాకూడదన్న నియమం. ఉత్తరం వెనక్కి తీసుకెళ్లి ఇస్తారో లేదో వారి ఇష్టం. ముసాయిదా మాత్రం చేతిలో ఉంటుంది. ఉత్తరాలు రాయడం నాకు చేతనైన పని.

ఉత్తుత్తి సమావేశం రెండో రోజు 2 గంటలకు. డైరెక్టరుగా ఎవరిని పంపాలా అని ఆలోచించాను. మల్కాజిగిరి నుంచి తార్నాక దగ్గరే కదా, మీరే రాగలరా? జనరేటర్ మాట మీరు అన్నంత నిజంగా ఇంకెవరూ అనలేరు.

మలావీ నర్సుకు కూడా ఉత్తరం రాశాను. మొన్న జవాబు వచ్చింది. ఈసారి మొదటి రోజు ఒక గంట ఆమే చెబుతారు, వీడియోలో. మనకు 11 గంటలైతే అక్కడ ఏడున్నర. డ్యూటీ ఎక్కే ముందు, ఆ బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడతానన్నారు.